బాబాయ్‌ని గుర్తుపట్టే కారు

"డప్పు కొట్టుకుంటున్నాననుకోకండి గానీ, చచ్చిన బ్యాటరీని బతికించడం నాకు గ్లాసుడు టీ తాగినంత పని," అన్నాడు ఐదో గేరు బాబాయ్. బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, కారు తాళాన్ని వేలికి తగిలించి గిరగిరా తిప్పుతున్నాడు.

ఆయన నోట డప్పు అన్న మాట వచ్చిందంటే, ఇక ఆ డప్పు పొద్దుగూకేదాకా ఆగదని టీ కొట్టు దగ్గర చేరేవాళ్ళందరికీ తెలుసు. ఆ పేరు కూడా ఊరికే రాలేదు. ఏ కథనైనా మొదటి గేరులో మెల్లగా కదిలిస్తాడు. రెండూ మూడూ నాలుగూ ఏమైపోతాయో దేవుడికెరుక, చూస్తుండగానే ఐదో గేరులో పడి వినేవాళ్ళని కూడా ఈడ్చుకుపోతాడు. పేరు పెట్టింది రిటైరైన లెక్కల మాస్టారు. బాబాయ్‌కి కోపం రాలేదు సరికదా, "ఆరోది కూడా ఉంది మాస్టారూ, మీరింకా చూడలేదు," అన్నాడు.

రోడ్డుకి అవతల ఉన్న మూడంతస్తుల ఇల్లు పళ్ళ డాక్టరమ్మది. బాబాయ్ ఆవిడ దగ్గర డ్రైవరు. ఆవిడ రోజూ క్లినిక్కి వెళ్ళేది చిన్న కారులో. అది కాక ఇంకోటుంది. పసుపుపచ్చ రంగు, రెండే సీట్లు, నేలకి జానెడెత్తు, స్టార్ట్ చేస్తే వీధి వీధంతా తలుపులు తీసి చూసే స్పోర్ట్స్ కారు. మోజుపడి కొనుక్కుంది గానీ, నడపడానికి నెలకో గంట తీరిక దొరికితే గొప్ప. మిగతా రోజులన్నీ ఆ కారు కింది పార్కింగులో ముసుగుతన్ని పడుకునేది. ఈ రెండు నెలల్లో మూడుసార్లు అలా పడుకున్నది మళ్ళీ లేవలేదు. మూడుసార్లూ బ్యాటరీ డౌన్.

ఆ కారు లేస్తే ఎంత, లేవకపోతే ఎంత అని టీ కొట్టు అక్క ఊరుకోవడానికి లేదు. అక్క భర్త ఆ ఇంటి వాచ్‌మన్. ఆయన కుర్చీ కారుకి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. పోయిన ఆదివారం డాక్టరమ్మ ఆయన్ని నిలబెట్టి అడిగింది. "డ్రైవరు గదిలో లేనప్పుడు తాళం తీసుకుని, కారులో కూర్చుని పాటలు వింటున్నావు కదూ?"

"లేదమ్మా," అన్నాడాయన. "దానంతటదే లైట్లు మిణుక్కుమంటోంది. సైడు అద్దాలు దానంతటదే విప్పుకుంటోంది. నేను కళ్ళారా చూశాను."

ఆ మాటతో ఆవిడకున్న కాస్త నమ్మకం కూడా పోయింది. "ఎవరూ ముట్టుకోకుండా కారు అద్దాలు విప్పుకుందా? కథలు చెప్పడానికి ఈ ఇంట్లో ఒకాయన చాలడా?" అంది. వచ్చే ఆదివారం ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తుందనీ, కారులో లోపం ఉంటే సరేననీ, లేకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదనీ తేల్చి చెప్పేసింది.

ఆ ఆదివారం ఇవాళే. డాక్టరమ్మ ఐదింటికి కిందికొస్తుంది. కొట్టులో గడియారం నాలుగు దాటింది.

ఎలక్ట్రీషియన్ అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. భుజాన సంచి, వేళ్ళకి నల్ల మరకలు. పొద్దున పదింటికే వచ్చి బ్యాటరీ ఛార్జ్ చేసి, మీటరు తగిలించి, వైరు వైరూ వెతికింది. ఇందాక, బాబాయ్ రాకముందు, రోడ్డు దాటొచ్చి బల్ల చివర కూలబడింది. అక్క ఉండబట్టలేక అడిగింది.

"ఏమన్నా దొరికిందా చెల్లీ?"

"లోపమేమీ లేదక్కా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కటే అంతుపట్టట్లేదు. తాళం వేసి వదిలేసిన కారు కాసేపటికి నిద్రపోవాలి, అప్పుడే బ్యాటరీ ఖర్చు కాదు. ఇదేమో పడుకుంటోంది, లేస్తోంది, మళ్ళీ పడుకుంటోంది, మళ్ళీ లేస్తోంది. ఎవరో తట్టి లేపుతున్నట్టే ఉంది. ఎవరూ లేరు." ఆ అమ్మాయి టీ ఊదుకుంది. "ఐదింటికి లోపం లేదనే చెప్పాలి మరి."

అక్క భర్త వైపు చూసింది. పన్నెండేళ్ళ ఉద్యోగం పోతే పోయింది, రెక్కలున్నాయి, ఇంకోటి దొరుకుతుంది. దొంగచాటుగా కారెక్కినవాడన్న పేరు మాత్రం ఏ వీధికి మారినా వెనకే వస్తుంది. రోడ్డవతల ఆయన కుర్చీలోనే ఉన్నాడు. టార్చిలైటు, గొడుగు, టిఫిన్ డబ్బా అప్పుడే సంచిలో సర్దేసుకుని, ఆ సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ సంచి చూసేసరికి అక్కకి ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడు దిగాడు బాబాయ్, డప్పు మాటతో. కొత్త చెవులు కనబడితే ఆయన నాలుకకి పగ్గాలుండవు. అందులోనూ ఆ కొత్త చెవులు బ్యాటరీలు బాగుచేసేవాళ్ళవి.

"అమ్మాయ్, నీ మీటర్లూ గీటర్లూ పక్కన పెట్టి విను. మొదటిసారి సంగతి. పొద్దున్నే డాక్టరమ్మ ఫోను, పసుపు కారు తియ్యి, ఈరోజు దాన్లోనే వెళ్తానని. తలుపు లాగాను, లోపల కూర్చున్నాను, బటన్ నొక్కాను. టిక్కు లేదు, టక్కు లేదు. ఇంకొకడైతే ఏం చేస్తాడు, గోళ్ళు కొరుక్కుంటూ మెకానిక్కి ఫోన్ చేస్తాడు. నేను చేస్తానా? ఈ దర్జీని స్కూటరు అడిగాను, తెచ్చాను, ఎర్రదానికి ఎర్ర వైరు, నల్లదానికి నల్ల వైరు, రెండు బ్యాటరీలకీ ముడేశాను. బుర్రుమని లేచింది. అంతే. అందులో గొప్పేముంది?"

"స్కూటరు నాదే," అన్నాడు కొట్టు పక్కనే మిషన్ తొక్కుతున్న దర్జీ, గర్వంగా. బాబాయ్ ఏం చెప్పినా నమ్మే మనిషి ఆ వీధిలో ఆయనొక్కడే. "మెకానిక్‌ని ఎక్కించుకు రావాలని అడిగావు కదూ బాబాయ్?"

బాబాయ్ గట్టిగా దగ్గాడు. "మెకానిక్కూ వచ్చాడు. చూసి నేర్చుకుంటానని కాళ్ళావేళ్ళా పడితే తెచ్చాను. అడ్డు రాకు. అది చిన్న చావు. రెండోసారి చచ్చింది చూడండి, చావంటే అదీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలియకపోయినా చెప్తావుగా," అన్నారు మాస్టారు.

"బ్యాటరీ ఖాళీ అయితే సున్నా అంటారు. ఇది సున్నా దగ్గర ఆగలేదు, ఇంకా కిందికి పోయింది. మైనస్. మాస్టారికి అర్థమవుతుంది. అలాంటి బ్యాటరీకి దాహం ఉంటుంది చూడండీ, నేను వైరు అలా దగ్గరికి తీసుకెళ్ళానో లేదో లటుక్కున లాక్కుంది, స్కూటరు బ్యాటరీ ఒక్క గుటక. అంతటితో ఆగిందా? నా చేతి గడియారం ఆగిపోయింది, జేబులో ఫోను ఆరిపోయింది, పార్కింగులో ట్యూబులైట్లు పోయాయి, లిఫ్టు రెండుకీ మూడుకీ మధ్య ఆగిపోయి అందులో ఇస్త్రీ బట్టలాయన కేకలు, ఆ పైన వీధి మొత్తం కరెంటు పోయింది. ఇదిగో, ఈ దర్జీది తొక్కుడు మిషనా? దానికి కరెంటుతో పనుందా? అదీ ఆగిపోయింది!"

దర్జీ గుడ్లు తేలేసి తన మిషన్ వంక చూసుకున్నాడు. "అవునా! ఆ రోజు దారం తెగిందనుకున్నాను!"

"దారం కాదు నాయనా, కరెంటు."

"పన్నెండు వోల్టుల బ్యాటరీ వీధంతా తాగేసిందా?" అన్నారు మాస్టారు.

"దాహానికి వోల్టులేమిటి మాస్టారూ?" బాబాయ్ మాస్టారి మీద జాలిపడ్డాడు. "పట్టపగలు ఫ్యాన్లు ఆగిపోయి జనమంతా రోడ్డు మీదికొచ్చి నా వైపే చూస్తున్నారు. ఇక మనమే దిగాలి అనుకున్నా. చలిలో ఉన్ని స్వెట్టరు విప్పుతుంటే చిటపటమంటుందా లేదా? అంటే మనిషి ఒంట్లో కరెంటుంది, వాడుకోవడం తెలియాలి. అరచేతులు రుద్దాను, రుద్దాను, పొగొచ్చేదాకా రుద్దాను. ఒక చెయ్యి ఎర్రదాని మీద, ఒక చెయ్యి నల్లదాని మీద వేశాను. నా జుట్టు నిక్కబొడుచుకుని రెండో అంతస్తు బాల్కనీకి తగిలింది. కారు ఠపీమని లేచింది. లేస్తే లేచింది, నేను చెయ్యి తియ్యడం కాస్త ఆలస్యమైంది, బ్యాటరీ నిండిపోయి పొర్లిపోయింది. వృథా చేస్తే నా ఒంటికి పడదని మీకు తెలుసుగా, పరుగెత్తుకెళ్ళి రెండు బకెట్లు తెచ్చి పట్టాను."

"ఏం పట్టావు?" అంది ఎలక్ట్రీషియన్ అమ్మాయి. టీ గ్లాసు నోటి దాకా వెళ్ళి అక్కడే ఆగింది.

"పొర్లిన కరెంటు."

"బకెట్లలో!" దర్జీ మిషన్ మళ్ళీ ఆగిపోయింది, ఈసారి నిజంగానే.

"ప్లాస్టిక్ బకెట్లు. ఇనుపవైతే షాక్ కొట్టదూ, ఆ మాత్రం తెలియదా? ఒకటి తీసుకెళ్ళి లిఫ్టులో పోశాను, ఇస్త్రీ ఆయన బయటపడ్డాడు. ఇంకోటి వీధి స్తంభం మొదట్లో పోశాను, అందరిళ్ళకీ కరెంటొచ్చింది. అయిపోయిందా? నా ఒంట్లోది పోవద్దూ? మూడు రోజులు ఒళ్ళంతా కరెంటే. దోమ వాలితే చిటుక్కుమని రాలిపోయేది. మీ పిన్ని నా చేతికో బల్బిచ్చి కూర్చోబెట్టి, ఆ వెలుతుర్లో కూరలు తరుక్కుంది. ఫోను ఛార్జింగ్ పెట్టాలంటే వైరు నోట్లో పెట్టుకునేవాణ్ణి."

"ఎర్ర వైరు ఏ దవడకి?" అంది ఎలక్ట్రీషియన్ అమ్మాయి.

"కుడి," అన్నాడు బాబాయ్, రెప్ప వెయ్యకుండా.

ఆ అమ్మాయికి పొలమారింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అక్క మాత్రం నవ్వలేదు. పాలు పొయ్యడం, పొడి వెయ్యడం, వడగట్టడం చేతులు చేస్తున్నాయి, కళ్ళు గడియారం మీదున్నాయి. నాలుగున్నర దాటింది. ఆ మొదటిసారి మెకానిక్కి ఫోన్ చేసింది తన భర్తేనని, బాబాయ్ అప్పుడు గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడని ఆవిడకి తెలుసు. అనడానికి ఓపిక లేక ఊరుకుంది.

"ఇక మూడోది. బ్యాటరీకి ఛార్జ్ ఎక్కాలంటే కారుని కాసేపు నడపాలి, అంతేనా అమ్మాయ్?"

"అరగంటైనా నడపాలి."

"అరగంట మామూలు డ్రైవర్లకి. నేను గేటు దాటానో లేదో నా నీడ వెనకబడింది. ఏదీ అని తిరిగి చూస్తే పార్కింగులోనే నిలబడి చేతులూపుతోంది, ఆగు ఆగు అని. లైటు వేశాను, వెలుగు కన్నా నేనే ముందు వెళ్ళి దానికోసం ఆగాల్సొచ్చింది. సందు మొదట్లో హారన్ కొట్టాను, ఆ చప్పుడు నేను ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే వచ్చింది, రొప్పుకుంటూ. ట్రాఫిక్ పోలీసు నన్ను ఆపుదామని ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఆయన ఊదేలోపు ఊరంతా తిరిగొచ్చి ఆయన వెనకాలే నిలబడి, ఎవరి కోసం సార్ ఊదుతున్నారు అని నేనే అడిగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పదింటికి బయల్దేరినవాణ్ణి ఇంటికి తిరిగొచ్చేసరికి టైమెంత?"

"ఎంత?" అన్నాడు దర్జీ, ఊపిరి బిగబట్టి.

"తొమ్మిదిన్నర! పార్కింగులోకి వెళ్తే అక్కడ కారు అద్దాలు తుడుస్తూ ఎవరు కనబడ్డారనుకున్నారు? నేనే! 'ఇప్పుడే వెళ్ళొచ్చేశాంలే, పోయి పడుకో' అని భుజం తట్టి పంపించేశాను."

మాస్టారు వేళ్ళ మీద ఏదో లెక్క కట్టబోయి, మధ్యలో వదిలేశారు. "నిన్ను నువ్వే పంపించేశావా?"

"మరి ఇద్దరం ఉంటే మీ పిన్నికి వంట ఎక్కువైపోదూ?"

"సరే బాబూ, మూడుసార్లు బతికించావు," అన్నారు మాస్టారు కళ్ళు ఒత్తుకుంటూ. "అసలు మళ్ళీ మళ్ళీ ఎందుకు చస్తోందట?"

అప్పుడు బాబాయ్ కాలు కిందికి దించాడు. తాళం తిప్పడం ఆపి గుప్పిట్లో పెట్టుకున్నాడు. గొంతు కూడా తగ్గించాడు.

"అది నా మీద బెంగ. ఇది మాత్రం కోత కాదు మాస్టారూ, ఒట్టు. ఆ కారు నన్ను గుర్తుపడుతుంది. నా గది గుమ్మం వెనక సందులో ఉంటుంది గానీ, నా మంచం తలవైపు గోడకి అవతల ఏముందనుకున్నారు? కారు ముక్కు. మధ్యలో ఒంటి ఇటుక గోడ, అంతే. రెండు నెలల కిందట డాక్టరమ్మ, వారానికోసారి స్టార్ట్ చేస్తుండు అని తాళం నాకిచ్చింది. దూడని తల్లికి దూరంగా కడతామా? సరిగ్గా ఆ ముక్కుకి ఎదురుగా గోడకి మేకు కొట్టి తగిలించాను. ఆ రోజు నుంచి చూడాలి దాని ప్రేమ! నేను మేకు దగ్గరికి వెళ్ళి తాళం ముట్టుకుంటే చాలు, అవతల లైట్లు మిణుకు మిణుకుమంటాయి. సైడు అద్దాలు చెవుల్లా విప్పుకుంటుంది. మంచమెక్కి పై కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో. ఫ్యాను గాలికి తాళం ఊగినా, బాబాయ్ వచ్చాడేమోనని లేచి చూస్తుందది."

బల్ల మీద నవ్వులు విరగబడ్డాయి. "ఇన్నాళ్ళకి ఆరో గేరు చూశాం!" అన్నారు మాస్టారు. దర్జీ కూడా మిషన్ మీద తలవాల్చి నవ్వుతూ, "బకెట్లంటే నమ్మాను గానీ, ఇది మాత్రం నా వల్ల కాదు బాబాయ్," అన్నాడు.

నవ్వనివాళ్ళు ఇద్దరే. ఎలక్ట్రీషియన్ అమ్మాయి గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచి నిలబడింది. అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. టీ పొంగి స్టవ్వు మీద పడి బుస్సుమంటున్నా ఆవిడ చూడలేదు.

"ఏమన్నావు బాబాయ్? మళ్ళీ చెప్పు."

"ఏది, బకెట్ల సంగతా?"

"అద్దాలు. అద్దాలు ఏం చేస్తుంది?"

"చెవుల్లా విప్పుకుంటుంది." ఆవిడ మొహం చూసి బాబాయ్ గొంతు సన్నబడింది. "ఏమైందే అక్కా?"

"పోయిన ఆదివారం మా ఆయన డాక్టరమ్మతో అన్నది ఇదే మాట. ఇదే. నువ్వు పక్కనే ఉన్నావు. నిజమేనా అని ఆవిడ నిన్నే అడిగింది. ఏం చెప్పావు?"

చెప్పింది ఆయనకి గుర్తుంది, అక్కకి అంతకన్నా బాగా గుర్తుంది. 'నాకు తప్ప అది ఇంకెవరికీ పలకదమ్మా, ఈయనేదో కథలు చెబుతున్నాడు' అన్నాడు. ఆ ఒక్క మాటతో పన్నెండేళ్ళ మనిషి అబద్ధాలకోరైపోయాడు.

"మరి... అది పలికేది నాకే కదా?" అన్నాడు బాబాయ్. పాపం, ఆయన ఇప్పటికీ అదే నమ్ముతున్నాడు.

"మీకు కాదండీ, తాళానికి," అంది ఎలక్ట్రీషియన్ అమ్మాయి. "తాళం దగ్గరికొస్తే చాలు, యజమాని వచ్చిందనుకుని ఆ కారు లేస్తుంది. తాళం లోపల చిన్న రేడియో ఉంటుంది, దాని తయారీయే అంత. ఒంటి ఇటుక గోడ దానికో అడ్డమా? మీరు తాళాన్ని తెచ్చి దాని ముక్కు ముందు వేలాడదీశారు. రెండు నెలలుగా యజమాని గుమ్మంలోనే నిలబడి ఉందనుకుని దానికి కునుకు లేదు. బ్యాటరీ చావక ఏమవుతుంది? పొద్దున నేను మిమ్మల్ని తాళం ఎక్కడ పెడతారని అడిగాను. ఇంట్లో భద్రంగా ఉందన్నారు. మీ ఇల్లంటే ఆ గోడవతలేనని నాకేం తెలుసు?"

నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరికీ తెలియదు. మాస్టారు నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"అంటే... నేను చెప్పింది నిజమా?" అన్నాడు బాబాయ్. అక్కడున్న అందరికన్నా ఎక్కువ అదిరిపోయింది ఆయనే.

ఆ వెంటనే, అది నిజమైతే తన సంగతేమవుతుందో కూడా ఆయనకి అర్థమైంది. తాళం ఉన్న చెయ్యి మెల్లగా జేబులోకి పోయింది. "అబ్బే, ఊరికే కోశానమ్మా," అన్నాడు తడబడుతూ. "మేకూ లేదు, కిటికీ లేదు. అద్దాలూ లేవు. అన్నీ అబద్ధాలే. నా సంగతి మీకు తెలుసుగా, నా మాట ఎవరు నమ్ముతారు?"

ఎన్నో ఏళ్ళుగా ఆయన చేత ఒక్క అబద్ధమైనా ఒప్పిద్దామని మాస్టారు చేయని ప్రయత్నం లేదు. ఇవాళ ఆయనంతట ఆయనే ఒప్పుకున్నాడు, అదీ చెప్పక చెప్పక చెప్పిన ఒక్క నిజాన్నే అబద్ధమంటూ. మాస్టారికి నవ్వు రాలేదు. "ఛీ," అన్నారు.

అక్క స్టవ్వు కట్టేసింది. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "నీ మాటతో నాకు పనిలేదు బాబాయ్. తాళం నీ జేబులో ఉంది, కారు అక్కడుంది. పద," అంది.

అందరూ రోడ్డు దాటారు. దర్జీ మెడలో టేపు అలాగే వేసుకుని వచ్చాడు. వీళ్ళని చూసి వాచ్‌మన్ సంచి పట్టుకుని లేచి నిలబడ్డాడు, పంపించెయ్యడానికే వస్తున్నారనుకున్నాడు. ఐదైంది. డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చి, ఈ గుంపేమిటన్నట్టు చూసింది.

"ఒక్క నిమిషం ఆగండమ్మా," అంది ఎలక్ట్రీషియన్ అమ్మాయి. "కారుకి తాళం వేసి గంట దాటింది. తాళం రోడ్డవతల ఈయన దగ్గరుంది. ఇప్పుడు కారు నిద్రలో ఉంది. బాబాయ్ గారూ, చేతులు వెనక్కి కట్టుకుని నడవండి. ఏదీ ముట్టుకోకండి."

బాబాయ్ నడిచాడు. గేటు దాటితే నీడని వెనక వదిలేసే మనిషి, కారు వైపు పది అడుగులు వెయ్యడానికి ఎంతోసేపు తీసుకున్నాడు. పసుపుపచ్చ కారు కదలకుండా పడుకుని ఉంది. ఆరడుగులు. ఐదు. ఏమీ కాలేదు. నాలుగడుగుల దూరంలోకి వచ్చేసరికి లైట్లు మిణుక్కుమన్నాయి. సైడు అద్దాలు రెండూ మెల్లగా విప్పుకున్నాయి.

"అమ్మో!" అని డాక్టరమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. దర్జీ మాస్టారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఆ అద్దాల్ని రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు వాచ్‌మన్. వారం రోజులుగా ఎవరూ వినని మాటకి సాక్షి దొరికినట్టు, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ గోడకే అవతల, మేకుకి వేలాడుతోందమ్మా ఈ తాళం, రెండు నెలలుగా," అంది ఎలక్ట్రీషియన్ అమ్మాయి. "కారుని రేయింబవళ్ళు లేపుతున్నది అదే."

డాక్టరమ్మ బాబాయ్ వైపు తిరిగింది. "అద్దాలు ఇలా విప్పుకుంటాయని నీకు ముందే తెలుసా?"

ఇప్పుడు వీధంతా బాబాయ్ నోటి వంకే చూస్తోంది. ఎన్నడూ తడుముకోని ఆ నోరు తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. ఆయన వాచ్‌మన్ చేతిలో సంచి చూశాడు, అందులోంచి బయటికొచ్చిన గొడుగు పిడి చూశాడు.

"తెలుసమ్మా," అన్నాడు. "నేనూ చూశాను. మేకు కొట్టింది నేనే. ఆయన చెప్పింది నిజం."

"ఆ తర్వాత?" అన్నాడు దర్జీ, అలవాటు కొద్దీ.

"తర్వాతేం లేదు," అన్నాడు బాబాయ్, తలొంచుకుని.

డాక్టరమ్మ వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళి, "నీ మాట విననందుకు తప్పు నాది," అంది.

"మీరేం చేస్తారమ్మా," అన్నాడాయన, సంచి కింద పెడుతూ. "చెబుతుంటే నాకే కోతలా వినిపించింది."

బాబాయ్ ఉద్యోగం పోలేదు గానీ, మేకు పీకించేశారు. తాళం ఆ ఇంట్లోనే వద్దు, రేడియో బయటికి పోకుండా ఏదైనా రేకు డబ్బాలో పెట్టి దూరంగా ఉంచండి అని ఎలక్ట్రీషియన్ అమ్మాయి చెప్పింది. రేకు డబ్బా అక్క కొట్టులో ఉంది, బిస్కెట్లది. డాక్టరమ్మ తాళం తెచ్చి స్వయంగా అక్క చేతికిచ్చింది.

ఆ రోజు నుంచి కారు ఒక్కసారి కూడా చావలేదు. ప్రతి ఆదివారం పొద్దున బాబాయ్ వచ్చి కొట్టు ముందు నిలబడతాడు. అక్క డబ్బా మీద చెయ్యి పెడుతుంది, మూత మాత్రం వెంటనే తియ్యదు.

"ఎందుకు?"

"కారు స్టార్ట్ చెయ్యడానికి."

"ఎంతసేపు నడుపుతావు?"

"అరగంట."

"నీడ వెనకబడుతుందా?"

బల్ల మీద మాస్టారు పేపరు అడ్డం పెట్టుకుంటారు. దర్జీ మిషన్ ఆగుతుంది.

"పడదు," అంటాడు బాబాయ్.

"ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి వస్తావు?"

బాబాయ్ నాలుక చివర ఏదో వచ్చి ఆగుతుంది. దాన్ని కష్టపడి మింగుతాడు.

"పదింటికి బయల్దేరి పదిన్నరకి వస్తాను అక్కా."

అప్పుడు మూత తీస్తుంది.